పంచాంగంలో యురేనస్ ఎందుకు లేదు?

విజయనగరం నుంచి ఒకమ్మ అడిగారు. తొమ్మిదో తరగతి చదివే వాళ్లబ్బాయికి సందేహం వచ్చిందట: "టెలిస్కోప్ లేని రోజుల్లో అయిదు గ్రహాలు ఎలా తెలిశాయి? అంత తెలిసినవాళ్లకి యురేనస్, నెప్ట్యూన్ ఎందుకు తెలియలేదు? పంచాంగంలో అవెందుకు లేవు?" తాతగారేమో మన ఋషులకి అన్నీ తెలుసు, చెప్పలేదంతే అన్నారట. ట్యూషన్ మాస్టారేమో టెలిస్కోప్ వచ్చేదాకా ఎవరికీ ఏమీ తెలియదు అన్నారట. మధ్యలో అబ్బాయి ఇరుక్కున్నాడు.

అమ్మా, నేను ఉద్దానంలో హైస్కూలు పిల్లలకి ఫిజికల్ సైన్స్ చెప్పి రిటైరైనవాణ్ని. ఇద్దరు పెద్దలూ సగం సగమే చెప్పారు. నేను కొంచెం పొడుగ్గా చెబుతాను, ఓపిక పట్టండి.

2018 అక్టోబరు 11న తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. మా ఇంటి చుట్టూ ఉన్న కొబ్బరిచెట్లలో సగానికి పైగా పడిపోయాయి. అంతకుముందు పెరట్లో నిలబడి తలెత్తితే మట్టలే కనిపించేవి. తుపాను వెళ్లాక చూస్తే మట్టల్లేవు, ఆకాశమే. కరెంటు లేదు, ఫోన్లు లేవు, ఫ్యాన్ తిరగదు కాబట్టి వీధి వీధంతా డాబాల మీదే పడక. మూడు రోజులకి మబ్బు పూర్తిగా విడిపోయింది. చీకటి పడగానే నైరుతి దిక్కున శని, దాన్ని ఆనుకుని నెలవంక. దక్షిణాన పైకి ఎర్రటి కుజుడు. పడమట విరిగిన చెట్ల మోళ్ల వెనక దిగిపోతూ గురుడు. ఇన్నేళ్లూ పిల్లలకి బోర్డు మీద గీసి చూపించినవన్నీ ఒకేసారి ఎదురుగా ఉంటే, నష్టం తలుచుకుని ఏడవాలో, అది చూసి మురిసిపోవాలో తెలియలేదు.

పక్కింట్లో కొబ్బరికాయలు దింపే ముసలాయన మాతోపాటే డాబా మీద పడుకునేవాడు. ఎక్కడానికి చెట్లే లేక పగలంతా ఊరికే కూర్చునేవాడు, రాత్రి నిద్రపట్టేది కాదు. పది పన్నెండు రోజులు గడిచాక ఓ రాత్రి అడిగాడు: "మాస్టారూ, ఆ ఎర్రసుక్క అక్కడే ఉండిపోనాది. ఈ సుక్క మాత్రం రోజురోజుకీ దిగిపోతంది. ఏటిది?"

చేయి బారుగా చాచి పిడికిలి బిగిస్తే ఆకాశంలో దాదాపు పది డిగ్రీలకి సరిపోతుంది. మొదటి రాత్రి శనికీ కుజుడికీ మధ్య నాలుగు పిడికిళ్లు కొలిచి గుర్తుపెట్టుకున్నాను. ఆయన అడిగిన రాత్రి కొలిస్తే నాలుగున్నరకి చేరింది. ఆయన బడి ముఖం చూసినవాడు కాదు. కానీ గ్రహాన్ని కనిపెట్టడం అంటే ఆ రాత్రి ఆయన చేసిందే. ఒక చుక్క మిగతా చుక్కలతో కలిసి నడవడం లేదని పట్టుకోవాలి, అంతే. మీ అబ్బాయి ప్రశ్నకి జవాబంతా ఇందులోనే ఉంది. టెలిస్కోప్‌కి ముందైనా తరవాతైనా, చూసినవాళ్లు చాలామంది, పట్టుకున్నవాళ్లు కొద్దిమందే.

సప్తర్షి మండలం మా తాత చూసినప్పుడూ అదే ఆకారం, నా మనవరాలు చూసినా అదే ఆకారం. పిల్లలకోడి (కృత్తికలు) గుంపు చెదరదు. ఆకాశం మొత్తం తూర్పు నుంచి పడమరకి తిరుగుతుంది కానీ, చుక్కలన్నీ ఒకే గుడ్డ మీద కుట్టిన అద్దాల్లా కలిసే తిరుగుతాయి. ఆ కుట్టుకి లొంగనివి ఏడే ఏడు కనిపిస్తాయి కంటికి: సూర్యుడు, చంద్రుడు, బుధుడు, శుక్రుడు, కుజుడు, గురుడు, శని. ఆది, సోమ, మంగళ అంటూ వారానికి ఏడు పేర్లు వాటి నుంచి వచ్చినవే. గ్రీకువాళ్లు వాటిని తిరుగుబోతులు అనే అర్థం వచ్చే మాటతో పిలిచారు, ప్లానెట్ అన్నది ఆ మాటే. మన 'గ్రహం' అంటే పట్టుకునేది.

వేగుచుక్క సంగతి చూడండి. కళింగపట్నం తీరాన తెల్లవారకముందే వల సర్దుకునే వాళ్లకి సముద్రం మీద దీపంలా వెలిగే శుక్రుడు బాగా పరిచయం. కొన్ని నెలలు తెల్లవారుజామున కనిపించి, తరవాత మాయమై, మళ్లీ సాయంత్రం పడమట వెలుగుతుంది. ఈ రెండూ ఒకటే చుక్క అని తేల్చాలంటే ఒక్క రాత్రి చూపు సరిపోదు, ఏళ్ల తరబడి లెక్క రాసుకోవాలి. బాబిలోన్‌వాళ్లు రాసుకున్నారు. అమ్మిసదుక అనే రాజు కాలంలో, అంటే క్రీస్తుకు పదహారు పదిహేడు వందల ఏళ్ల ముందు, శుక్రుడు ఎప్పుడు కనిపించాడు, ఎప్పుడు మాయమయ్యాడు అని 21 ఏళ్ల వివరాలు. వాటి నకళ్లు మట్టిపలకల మీద ఇప్పటికీ ఉన్నాయి. ఎనిమిదేళ్లలో శుక్రుడు ఈ ఆట అయిదుసార్లు ఆడి, దాదాపు అదే తేదీకి మొదటికి వస్తాడు. కావాలంటే మీ అబ్బాయి ఇంటర్, డిగ్రీ అయ్యేలోపు ఒక చుట్టు తనే చూడొచ్చు.

గురుడి లెక్క మనకి ఇంకా దగ్గరిది. పుష్కరాలు పన్నెండేళ్లకి ఒకసారి ఎందుకొస్తాయి? గురుడు రాశికి ఒక ఏడాది చొప్పున పన్నెండు రాశులు తిరుగుతాడు కాబట్టి. సింహరాశిలోకి వస్తే గోదావరికి, కన్యలోకి వస్తే కృష్ణకి. 2003, 2015, ఇప్పుడు 2027 గోదావరికి. ఏలినాటి శని ఏడున్నరేళ్లు ఎందుకు? శని ఒక్కో రాశిలో రెండున్నరేళ్లు ఉంటాడు, మూడు రాశులకి ఏడున్నర. అంటే పూర్తి చుట్టుకి ముప్ఫై ఏళ్లు. శని వల్ల కష్టాలొస్తాయా అని నన్నడగకండి, నాకు నమ్మకం లేదు. కానీ ఆ ఏడున్నర అన్న అంకె మాత్రం ఎవరో కూర్చుని కళ్లతో కొలిచి తేల్చిన అంకె.

ఎంత కచ్చితంగా కొలిచారో చూడండి. క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలో 43,20,000 ఏళ్ల మహాయుగానికి గురుడు 3,64,224 చుట్లు, శని 1,46,564 చుట్లు తిరుగుతాయని ఉంది. భాగించమనండి మీ అబ్బాయిని. గురుడికి 11.86 ఏళ్లు, శనికి 29.48 వస్తాయి. ఇప్పటి పుస్తకాల్లోనూ 11.86, 29.46 అనే ఉంటుంది. లెన్సు ముక్క లేకుండా వచ్చిన అంకెలివి! ట్యూషన్ మాస్టారికి నా నమస్కారాలతో ఈ రెండు భాగహారాలు చూపించండి.

కుజుడు మాత్రం అందరినీ ఏడిపించాడు. మామూలుగా చుక్కల మధ్య తూర్పుకి జరుగుతూ పోయేవాడు, రెండేళ్ల రెండు నెలలకోసారి ఆగి, వెనక్కి నడిచి, మళ్లీ ఆగి ముందుకి పోతాడు. పంచాంగంలో 'వక్రం' అని రాసేది దీన్నే. నిజానికి కుజుడు వెనక్కి నడవడు. లోపలి దారిలో వేగంగా పోతున్న మన భూమి అతన్ని దాటుతుంది. పలాస దాటాక మన ఎక్స్‌ప్రెస్ పక్క లైన్లో పోతున్న గూడ్స్‌ని దాటేటప్పుడు గూడ్సు వెనక్కి పోతున్నట్టు అనిపిస్తుందే, అదే ఇది. 1543లో కోపర్నికస్ సూర్యుణ్ని మధ్యలో పెట్టాక ఈ వక్రం సహజంగా అర్థమైంది. ఆ తరవాత డెన్మార్క్‌లో టైకో బ్రాహీ టెలిస్కోప్ లేకుండానే, పెద్ద పెద్ద కోణమానాలతో కుజుణ్ని ఏళ్లపాటు కొలిచాడు. ఆయన పోయాక ఆ కొలతలు కెప్లర్ చేతిలో పడ్డాయి. వృత్తం గీస్తే లెక్క 8 నిమిషాల కోణం తేడా వచ్చింది. చాచిన చేతి చిటికెనవేలి మందం ఒక డిగ్రీ, అందులో ఏడో వంతు కూడా కాదు. ఇంకెవరైనా అయితే సర్దుకుపోయేవాళ్లు. టైకో అంత తప్పు చెయ్యడు అని కెప్లర్ మొండికేశాడు. 1609లో గ్రహాల దారి దీర్ఘవృత్తం అని తేలింది.

తాతగారి మాటకొద్దాం. నవగ్రహాల్లో యురేనస్ లేదు, ఉండటానికి వీల్లేదు. సూర్యచంద్రులు రెండు, కంటికి కనిపించే గ్రహాలు అయిదు, రాహుకేతువులు రెండు. రాహుకేతువులు వస్తువులు కావు, చంద్రుడి దారి సూర్యుడి దారిని ఖండించే రెండు బిందువులు. గ్రహణాలు లెక్కకట్టాలంటే అవి తప్పనిసరి. అంటే పంచాంగం కంటితో చూసి, లెక్కకి పనికొచ్చినవాటిని మాత్రమే పెట్టుకున్న పుస్తకం. తెలిసి దాచారు అనడం కంటే, దొరికినదాన్ని ఇంత బాగా కొలిచారు అనడమే వాళ్లకి గౌరవం అని నా ఉద్దేశం.

విచిత్రమేమిటంటే యురేనస్ పూర్తిగా కనపడనిదేం కాదు. మంచి చీకట్లో, మంచి కళ్లకి ఉండీ లేనట్టు కనిపిస్తుంది. కానీ ఆ మసక స్థాయిలో ఆకాశంలో వేల చుక్కలున్నాయి. పైగా సూర్యుణ్ని చుట్టి రావడానికి దానికి 84 ఏళ్లు పడుతుంది. ఏడాదికి నాలుగు డిగ్రీల చిల్లర, అంటే అర పిడికిలి కూడా జరగదు. అంత మసక చుక్క అంత నెమ్మదిగా జరిగితే ఎవరు పట్టుకుంటారు?

టెలిస్కోప్ వచ్చాక కూడా వెంటనే పట్టుకోలేదు. ఈ భాగమే నాకు చాలా ఇష్టం. 1610 జనవరి 7న గెలీలియో గురుడి పక్కన చుక్కల్ని చూశాడు, కొద్ది రోజుల్లోనే అవి గురుడి చుట్టూ తిరిగే చందమామలని తేల్చాడు. అదే గెలీలియో 1612 డిసెంబరులో గురుణ్ని గీస్తూ పక్కన ఇంకో చుక్క పెట్టి, అది మామూలు నక్షత్రం అనుకున్నాడు. అది నెప్ట్యూన్. నెలాగాక మళ్లీ గీశాడు. కళ్ల ముందుకొచ్చిన గ్రహం చేజారిపోయింది. 1690లో ఇంగ్లండ్‌లో ఫ్లామ్‌స్టీడ్ యురేనస్‌ని చూసి, వృషభరాశిలో 34వ నక్షత్రంగా పట్టికలో ఎక్కించేశాడు. ఫ్రాన్స్‌లో లెమోనియే 1750, 1760 దశకాల్లో దాన్ని చాలాసార్లు నమోదు చేశాడు, రాసుకున్నవి పక్కపక్కన పెట్టి చూసుకోలేదు.

చివరికి పట్టుకున్నవాడి అసలు వృత్తి సంగీతం. విలియం హెర్షెల్ ఇంగ్లండ్‌లోని బాత్ ఊళ్లో ఆర్గాన్ వాయించి, పాఠాలు చెప్పి బతికేవాడు. రాత్రిళ్లు చెల్లెలు కెరొలిన్ సాయంతో లోహపు అద్దాలు అరగదీసి టెలిస్కోపులు చేసుకునేవాడు. 1781 మార్చి 13న పెరట్లోంచి చూస్తుంటే ఒక చుక్క మిగతావాటిలా సూదిమొనలా లేదు. కంటి దగ్గరి లెన్సు మార్చి, 227 రెట్ల నుంచి 460కి, 932కి పెంచాడు. నక్షత్రాన్ని ఎంత పెంచినా బిందువు బిందువుగానే ఉంటుంది. ఇది మాత్రం బిళ్లలా పెద్దదవుతూ వచ్చింది. నాలుగు రాత్రులయ్యాక చూస్తే చోటు మారింది. తోకచుక్క అనుకున్నాడు పాపం. తరవాత లెక్సెల్ లాంటివాళ్లు దారి లెక్కకట్టి, ఇది శని అవతల తిరిగే గ్రహం అని చెప్పారు. (గ్రహం మినుకుమనదు, నక్షత్రం మినుకుమంటుంది అని మన పెద్దలు చెప్పేదాని వెనకా ఈ బిళ్ల సంగతే ఉంది. బిందువు నుంచి వచ్చే వెలుగుని గాలి సులువుగా ఊపేస్తుంది, బిళ్లని అంతగా ఊపలేదు.)

యురేనస్ దొరికాక అది లెక్క ప్రకారం నడవలేదు. కొంత ముందు, కొంత వెనక. అవతల ఇంకెవరో లాగుతున్నారన్న అనుమానం వచ్చింది. పారిస్‌లో లెవెరియే, ఇంగ్లండ్‌లో ఆడమ్స్ ఒకరికొకరు తెలియకుండా కాగితం మీద లెక్కకట్టి, ఆ లాగేవాడు ఎక్కడుండాలో చెప్పారు. లెవెరియే ఉత్తరం 1846 సెప్టెంబరు 23న బెర్లిన్ అబ్జర్వేటరీలో గాలెకి అందింది. ఆ రాత్రే గాలె టెలిస్కోప్‌లో చూస్తూ ఒక్కో చుక్కా చెబుతుంటే, దారెస్త్ అనే కుర్రాడు కొత్తగా అచ్చయిన నక్షత్రపటం ముందు పెట్టుకుని సరిపోల్చాడు. గంటలోపే పటంలో లేని చుక్క తగిలింది. చెప్పిన చోటికి ఒక డిగ్రీ లోపే. అదే నెప్ట్యూన్. ఇక్కడ మొనగాడు టెలిస్కోప్ కాదు, ఆ పటం. కేంబ్రిడ్జ్‌లో చాలిస్‌కి అంతకంటే పెద్ద టెలిస్కోప్ ఉంది, ఆగస్టు 4న, 12న రెండుసార్లు నెప్ట్యూన్‌ని రాసుకున్నాడు కూడా. పోల్చి చూసుకునే పని వాయిదా వేశాడు. అంతకు యాభై ఏళ్ల ముందు, 1795 మేలో, పారిస్‌లో లలాండ్ పరిశీలనలో రెండు రోజుల తేడాతో ఒక 'నక్షత్రం' జరిగినట్టు తేలింది. అదీ నెప్ట్యూనే, కానీ ఏదో పొరపాటని మొదటి కొలత కొట్టేశారు! నా సర్వీసులో పిల్లల ప్రాక్టికల్ రికార్డుల్లో 'తేడాగా' వచ్చిన రీడింగుని కొట్టేయమని నేనే ఎన్నిసార్లు చెప్పానో. లలాండ్ కథ చదివాక మానేశాను.

అదే లెవెరియే బుధుడి దారిలో తేడాకి కూడా లోపల ఇంకో గ్రహం ఉందన్నాడు, దానికి వల్కన్ అని పేరు కూడా పెట్టేశారు. అది లేనేలేదు. ఆ తేడాకి 1915లో ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతం జవాబు చెప్పింది. ఒకసారి గెలిచిన సూత్రమే ప్రతిసారీ గెలవదు. ఇక 1801 జనవరి 1న సిసిలీలో పియాజీకి దొరికిన సెరెస్‌ని కొన్నాళ్లు గ్రహమనే అన్నారు. దాని చుట్టుపక్కల అలాంటివి ఇంకా దొరుకుతూ పోయేసరికి వాటినన్నిటినీ ఆస్టరాయిడ్లుగా వేరుచేశారు. ప్లూటోని 2006లో గ్రహాల జాబితాలోంచి తీసేయడం కొత్తేం కాదు.

ప్లూటో దొరికిన తీరు మాత్రం మీ అబ్బాయికి చెప్పాలి. క్లైడ్ టాంబో అమెరికాలో రైతు కొడుకు. పాత కారు, వ్యవసాయ యంత్రాల ముక్కలతో టెలిస్కోప్ చేసుకున్నవాడు. లోవెల్ అబ్జర్వేటరీలో ఉద్యోగం దొరికింది. పనేమిటంటే, ఆకాశంలో ఒకే ముక్కని కొన్ని రోజుల తేడాతో రెండు గాజుపలకల మీద ఫోటో తియ్యాలి. రెండింటినీ ఒక యంత్రంలో పెట్టి, కంటి ముందు ఇది, అది, ఇది, అది అని టకటకా మారుస్తూ చూడాలి. నక్షత్రాలు కదలవు. కదిలేది ఏదైనా ఉంటే గెంతినట్టు కనిపిస్తుంది. ఒక్కో పలకలో సగటున లక్షకి పైగా చుక్కలు. నెలల తరబడి అదే పని. 1930 ఫిబ్రవరి 18న, జనవరి 23, 29 తేదీల పలకల్లో ఒక చిన్న చుక్క గెంతింది. తీరా వెతికితే 1915లో అక్కడే తీసిన ఫోటోల్లో కూడా అది ఉంది, ఎవరూ గుర్తుపట్టలేదు.

ఇప్పుడు వేరే నక్షత్రాల చుట్టూ దొరికిన గ్రహాలు అయిదువేలు దాటాయి. 1995లో మేయర్, కెలోజ్ ఒక నక్షత్రం నాలుగు రోజులకోసారి అటూ ఇటూ ఊగడం చూసి, దాన్ని ఊపుతున్న గ్రహాన్ని పట్టుకున్నారు. కెప్లర్ అంతరిక్ష టెలిస్కోప్ ఇంకో పద్ధతి వాడింది. గ్రహం తన నక్షత్రం ముందు నుంచి పోయేటప్పుడు వెలుగు రవ్వంత తగ్గుతుంది, దాన్ని కొలుస్తారు. అలాంటి దాటడమే మన పక్కన విశాఖపట్నంలో 1874 డిసెంబరులో చూశారు. గోడే వెంకట జగ్గారావు 1840లో కట్టిన అబ్జర్వేటరీ నుంచి అంకితం వెంకట నరసింగరావు, శుక్రుడు సూర్యబింబం మీదుగా నల్లచుక్కలా దాటడాన్ని పరిశీలించాడు. 2012 జూన్ 6న నేనూ చూపించాను, వేసవి సెలవుల్లో ఉన్న పిల్లల్ని పిలిచి, బైనాక్యులర్‌తో సూర్యుణ్ని తెల్ల అట్ట మీద పడేలా చేసి. మళ్లీ అలాంటిది 2117లో.

చివరిగా ఖర్చు విషయం. మీరు టెలిస్కోప్ కొనాలా అని కూడా అడిగారు. ఇప్పుడే వద్దు. ఒకసారి నేను '500 రెట్లు' అని డబ్బా మీద రాసి ఉంటే నమ్మి కొని మోసపోయాను, ప్లాస్టిక్ లెన్సు, ఊగే స్టాండు, చంద్రుడు కూడా పాలల్లో పడ్డట్టు కనిపించాడు. 10×50 బైనాక్యులర్ ఒకటి కొనండి, ఒక రూళ్లు లేని నోట్‌బుక్, పెన్సిలు. పగలు మాత్రం దాంట్లోంచి సూర్యుడి వైపు చూడనివ్వకండి, కళ్లు పోతాయి.

2026 నవంబరు, డిసెంబరు నెలల్లో రాత్రి ఎనిమిది దాటాక తూర్పున పిల్లలకోడి పైకొస్తుంది. టౌన్లో లైట్లు ఎక్కువ, రామతీర్థం వైపో, ఊరి బయటికో తీసుకెళ్లండి. పిల్లలకోడి నుంచి ఆగ్నేయంగా, చాచిన చేతి మూడు వేళ్ల దూరంలో, బైనాక్యులర్‌లో కనిపించే చుక్కలన్నీ ఒక పేజీలో గీయమనండి. ఏది యురేనస్ అని ముందే ఫోన్లో చూసుకోవద్దనండి. రెండు వారాలయ్యాక అక్కడే మళ్లీ గీసి, రెండు పేజీలూ పక్కపక్కన పెట్టుకుని చూడమనండి. ఒక చుక్క అర డిగ్రీ, అంటే నిండు చంద్రుడి వెడల్పంత, పడమరకి జరిగి ఉంటుంది. ఫ్లామ్‌స్టీడ్ 1690 డిసెంబరులో చూసి నక్షత్రమని రాసుకున్నది దాన్నే. అప్పటి నుంచి నాలుగు చుట్లు తిరిగి, ఇప్పుడు దాదాపు అదే చోటికి వచ్చింది.